మంచిరోజు చూసి బయల్దేరిన కుందేలు

నాలాగే తనకన్నీ తెలుసనుకునే కుందేలొకటి మంచుకొండ మీద కాపురముండేది. చలి ముదిరేలోగా పిల్లలతో కనుమ దాటి, దూరాన ఉన్న లోయలోకి ఇల్లు మార్చాలి.

"మూఢంలో గడప దాటుతామా? మంచిరోజు రానీ," అంది కుందేలు.

"మంచుకు మూఢం లేదయ్యా! పిల్లలు గడ్డకట్టుకుపోతారు," అంది పెళ్లాం.

చివరికి మూఢం పోయాకే కదిలాయి. కనుమ చేరేసరికి మంచు పట్టుకుంది. అక్కడ మూటలు పక్కన పెట్టుకుని వేరే కుందేళ్లు కొన్ని వరసగా కూర్చుని ఉన్నాయి. ఒంటినిండా మంచు, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

"చూశావా, మనలాంటి బుద్ధిమంతులు ఇంకా ఉన్నారు!" అని మురిసిపోయింది కుందేలు. "ఏం అన్నా, మీరూ మంచిరోజు చూసుకునే బయల్దేరారా?"

"చూసుకునే. పోయినేడాది," అంది చివరి కుందేలు, పెదవి కదపకుండా. తర్వాత పిల్లలకు చోటిస్తూ కాస్త పక్కకు జరిగింది.