మూడుసార్లు కొడితే

మా ఇల్లూ బండీ ఒకటే అయిన మోటర్‌హోమ్‌లో మురుగుతొట్టి ఖాళీ చేసేటప్పుడు మా ఇద్దరికీ ఒక పద్ధతుంది. నెడీన్ లోపలుండి తొట్టి కడగడానికి నీళ్లు వదులుతుంది. నేను బయట టార్చి పట్టుకుని, మురుగు బయటికి పోయే గొట్టం మొదట్లో ఉన్న గాజులాంటి ముక్కలోంచి చూస్తుంటాను. నీళ్లు తేటపడగానే బండిగోడ మీద రెండుసార్లు కొడితే ఆపేస్తుంది. గొట్టం విప్పాక మూడుసార్లు కొడితే దిగి వస్తుంది.

ఆ చలికాలం ఆరిజోనా ఎడారి క్యాంపులో మా బండి ఒక్కటే ఉంది. ఒకరోజు బాగా చీకటిపడింది. గొట్టం బిగించి, వాల్వు లాగి, "వదులు" అని కేకేశాను. జవాబు రాలేదు గానీ నీళ్లొచ్చాయి. తేటపడ్డాక రెండుసార్లు కొట్టాను. ఆగాయి. వాల్వు మూసి గొట్టం విప్పుతున్నాను.

"నేను రాకుండానే మొదలెట్టావేం?"

ఉతికిన బట్టల బుట్టతో నెడీన్ క్యాంపు లాండ్రీ గది వైపు నుంచి వస్తోంది.

"మరి నీళ్లు వదిలిందెవరు?" అన్నాను.

ఆమె బుట్ట దించి బండిగోడకి చెవి ఆనించింది. "కొట్టగానే ఆపారా?"

"వెంటనే."

"అయితే నాకంటే నయమే." చిన్నగా నవ్వింది. "మూడు కొట్టు. ఎవరొస్తారో చూద్దాం."

"నీకు పిచ్చి" అన్నానే గానీ, నాకూ చూడాలనే ఉంది. కొట్టాను.

తలుపు మెల్లగా తెరుచుకుంది. గుమ్మంలో ఎవరూ లేరు. కింది మెట్టు మాత్రం, నెడీన్ దిగేటప్పటిలాగే, కిర్రుమని కుంగింది.

మళ్లీ పైకి లేవలేదు.