మనసు కొలత

నేను ఇప్పపూలు ఆరబోస్తుంటే, సుక్మాలో నర్సింగ్ చదివే మా మనవరాలు స్రవంతి ఫోన్ పట్టుకుని వచ్చి కూలబడింది.

"ఇందులో పరీక్ష ఉంది తాతా. మన మనసు మనకెంత తెలుసో కొలుస్తది."

"మనసేమన్న ఇప్పపూలానే, కొలవనీకి?"

"నవ్వకు. పెళ్లి చేసుకుందామా అని వీరేందర్ అడిగిండు. రేపు జవాబు చెప్పాలె. ఇష్టమో కాదో తెలుస్తలేదు. పరీక్ష రాస్తే, నా మనసు నాకే తెల్వదని వచ్చింది!"

నేను అటు తిరిగి పూలు సర్దుకుంటున్నాను. ఇంతలో బండి చప్పుడు.

"వీరేందరే!" ఫోన్ విసిరేసి, పూలన్నీ తొక్కుకుంటూ, జుట్టు సవరించుకుంటూ వాకిట్లోకి ఉరికింది.

దారి ఖాళీ. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. "ఎవరూ రాలే తాతా."

"అట్లనా?" అంటూ మళ్లీ నోటితోనే బుర్ర్... బుర్ర్‌మన్నాను.

"ముసలోడా!" గుప్పెడు పూలు నా నెత్తిన పోసి, నవ్వుతూ ఫోన్ వెతుక్కుంది.