నీళ్ళడిగిన మనిషి

తలుపు తీసేసరికి ఒక ముసలాయన రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"నా దగ్గర ఆయుధాలేమీ లేవమ్మా. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

పెద్దక్క వెనక్కి తిరిగేలోపే తమ్ముడు తుపాకీ ఎత్తాడు.

"ముందు ఎవడో కనుక్కో అక్కా. నీళ్ళు తాగాడంటే ఇక వాడి మీద చెయ్యెత్తలేం."

అది వాళ్ళ తెగ కట్టుబాటు. శత్రువుల చేతిలో సొంత గ్రహం పోయింది. కోటలు పోయాయి, జెండా పోయింది. ఇరవయ్యేళ్ళుగా ఏ గ్రహం మీద జానెడు చోటు దొరికితే అక్కడ తలదాచుకుంటున్నారు. ఇప్పుడీ పాడుబడ్డ గనిలో ఉంటున్నారు. చెప్పులు విప్పకుండా పడుకుంటారు. పిల్లలకు అక్షరాలకన్నా ముందు మూట కట్టడం నేర్పుతారు. కట్టుబాట్లను మాత్రం ఒక్కటీ జారవిడుచుకోలేదు.

"దాహమన్నవాణ్ణి నిలబెట్టి కులగోత్రాలు అడగమన్నారా మన పెద్దలు?" అంటూ పెద్దక్క చెంబు అందించింది.

ముసలాయన గటగటా తాగాడు. మూతి తుడుచుకోకుండానే అన్నాడు.

"మిమ్మల్ని తరుముతున్న వేటనౌక బయల్దేరింది. చీకటి పడేలోపు ఇక్కడ దిగుతుంది. వెంటనే వెళ్ళిపొండి."

లోపలి గదిలో పెద్దక్క కోడలు మొన్ననే ప్రసవించింది. ఆ పాప ఏడుపు వినిపిస్తోంది.

"మేమెవరమో నీకు తెలుసా?" అడిగింది పెద్దక్క.

"మీ నగరం చూశానమ్మా. తగలబడుతుంటే చూశాను."

తమ్ముడు ఒక్క అంగలో ముందుకొచ్చాడు.

"ఎటువైపు నిలబడి చూశావు?"

ముసలాయన తల దించుకున్నాడు.

"విన్నావా అక్కా! బయటికొస్తే పిట్టల్లా కాల్చెయ్యడానికి పన్నాగం ఇది. అయినా ఆ వేటనౌక నాయకుడు మనల్ని ఏనాడు పట్టుకోగలిగాడు గనక? మనం ఖాళీ చేశాక తీరిగ్గా వచ్చి బూడిద కెలుక్కోవడమేగా వాడి పని! ఒట్టి దద్దమ్మ."

"దద్దమ్మే బాబూ," అన్నాడు ముసలాయన. "కానీ ఈసారి వచ్చేది వాడు కాదు. కొత్తవాడు. చురుకైనవాడు."

పెద్దక్క అతని మొహంలోకి చూసింది. అతను తలుపు వైపు కూడా చూడటం లేదు. పాప ఏడుస్తున్న గది వైపే చూస్తున్నాడు.

"మూటలెత్తండి!" అని కేకేసింది.

చూస్తుండగానే గని ఖాళీ అయింది. పసిపాపతో సహా అందరూ తమ నౌక ఎక్కారు. ముసలాయన మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

తమ్ముడు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"తల్లి పేరు, ఊరు పేరు చెప్పనిదే మా నౌకలో కాలు పెట్టనివ్వం. చెప్పు, ఎవరి బిడ్డవి?"

ముసలాయన ఒకడుగు వెనక్కి వేశాడు.

పెద్దక్క రానివ్వమనబోయి ఆగింది. తెగ మొత్తం తనవైపే చూస్తోంది.

"పర్లేదమ్మా," అన్నాడతను. "పైకి లేచేటప్పుడు పసిదానికి పాలు పడుతూ ఉండమనండి. లేకపోతే చెవులు పోటు పెడతాయి."

తలుపు మూసుకుంది.

నౌక నేల విడిచిందో లేదో, కొండ వెనక నుంచి వేటనౌక దూసుకొచ్చింది. దాని ఫిరంగులు ఇటు తిరిగాయి.

కింద ముసలాయన మైదానం మధ్యకు పరుగెత్తి రెండు చేతులూ ఊపాడు.

వేటనౌక గాల్లో ఒక్క క్షణం ఆగింది. గిర్రున తిరిగి అతని మీదికి దిగింది.

"వాళ్ళ మనిషే! నేను మొత్తుకుంటూనే ఉన్నా!" తమ్ముడు కిటికీలోంచి గురి పెట్టాడు.

పెద్దక్క తుపాకీ గొట్టం పట్టుకుని కిందికి నొక్కింది.

"మన చేతి నీళ్ళు తాగాడు. వదిలెయ్."

ఆ సందులోనే వాళ్ళ నౌక మబ్బులు దాటేసింది. వెనక ఎవరూ రాలేదు. పాప పాలు తాగుతూ నిద్రపోయింది.

శత్రువుల వార్తలు వినడానికి తమ్ముడు రేడియో పెట్టాడు.

"మన వేటనౌక పాత నాయకుడు నిన్న చెరసాల నుంచి పారిపోయి, ఈ సాయంత్రం ఒక గని దగ్గర దొరికాడు. అక్కడికక్కడే మరణశిక్ష అమలు చేశాం. బహిష్కృత తెగ జాడ తెలిసిన ప్రతిసారీ, వాళ్ళు పిల్లాపాపలతో ఖాళీ చేసి వెళ్ళేదాకా కావాలనే ఆగి, ఆ తర్వాతే దాడికి బయల్దేరడం అతను చేసిన నేరం."