నీలి ఏమైంది?

కరపత్రంలో పంచాయతీ ప్రెసిడెంటు నరసింహారావు పేరు లేదు.

కోటప్పకొండ తిరునాళ్ళకు తన ఊరి తరఫున ఎత్తైన వెదురు ప్రభ కట్టిస్తున్నదే ఆయన. వెయ్యి కాగితాలూ పంచేశాక గానీ ఎవరూ చూసుకోలేదు.

నరసరావుపేటలో ప్రెస్సు నడిపే సాంబశివరావు ఆ కరపత్రం తెచ్చి కంపోజిటర్ ఖలందర్ ముందు విసిరాడు.

“ఏందిది? పేరెటు పోయింది?”

ఖలందర్ కళ్ళజోడు సర్దుకుని చదివాడు. యాభై దాటిన మనిషి. రెండేళ్ళ కిందట మాచర్ల రైలు దిగి వచ్చి పని అడిగాడు. నా అన్నవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేరు. పొద్దున్నే రావడం, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం, సాయంత్రం గదికి పోవడం. మధ్యాహ్నం గోడ వైపు తిరిగి ఒక్కడే అన్నం తినేవాడు.

“తప్పయిపోయింది సార్. ధ్యాస తప్పింది.”

“యాడుంటదయ్యా నీ ధ్యాస? చానా రోజుల్నించి చూస్తన్నా. పిలిస్తే పలకవు. ఆయన మొహం నేనెట్టా చూడాల? రేపట్నించి పనికి రామాక.”

ఖలందర్ కదలలేదు.

“ఒక్క వారం ఉండనియ్యండి సార్. సీరియల్ చివరి భాగం ఒక్కటే ఉంది.”

“అక్షరాలు పేర్చేవాడివి, సీరియల్‌తో నీకేం పని? ఇంకొకళ్ళు పేరుస్తార్లే.”

ఖలందర్ చేతికంటిన సిరా కడుక్కుని వెళ్ళిపోయాడు.

సాంబశివరావు శనివారం శనివారం ఒక చిన్న పేపరు వేసేవాడు. దాన్ని నిలబెట్టింది ఆ సీరియలే. రొంపిచర్లలో ఉండే సైన్సు మాష్టారు పున్నయ్యగారు రాసి పోస్టులో పంపేవారు.

యుద్ధంలో లోకమంతా బూడిదయ్యాక, మనుషుల్లేని ఊళ్ళలో మరమనుషులు మాత్రం తమకు ఒప్పజెప్పిన పనులు చేసుకుంటూ తిరుగుతుంటాయి. వాటి మధ్య నీలి అనే పద్నాలుగేళ్ళ పిల్ల, ఇంకొక్క మనిషైనా కనిపించకపోతాడా అని నడుస్తూ ఉంటుంది.

మొదట్లో పిల్లల కథలాగే ఉండేది. పోను పోను చదివేవాళ్ళను కట్టిపడేసింది.

ఒక భాగంలో ఓ మరమనిషి పాడుబడ్డ బడిలో రోజూ గంట కొడుతుంది.

‘ఎవరూ రారుగా, ఎందుకు కొడతావు?’ అంటుంది నీలి.

‘ఎక్కడన్నా ఎవరన్నా మిగిలుంటే, ఇక్కడ ఒకరున్నారని తెలియాలిగా’ అంటుంది అది.

ఆ వారం సాంబశివరావు, అచ్చయిన పేపరు చేత్తో పట్టుకుని ప్రెస్సు మధ్యలోనే కళ్ళు తుడుచుకున్నాడు.

“మాష్టారు చంపేశాడయ్యా ఖలందరూ! నీకు అర్థమవుద్దా ఇదంతా?”

“అవుద్ది సార్,” అని ఖలందర్ అక్షరాల పెట్టె మీదికి వంగాడు.

ఖలందర్ వెళ్ళిన వారం పేపరు సీరియల్ లేకుండానే వచ్చింది.

“రాసిన కాయితాలు కనపడలేదు సార్,” అన్నాడు కొత్త కంపోజిటర్ యల్లమంద.

పోస్టు వచ్చేది ఖలందర్ చేతికే. అతని బల్ల సొరుగులన్నీ లాగి చూశారు. ఒక్క ముక్క లేదు.

సాంబశివరావు అతని గదికి వెళ్ళాడు. తాళం వేసి ఉంది.

“ఖాళీ చేసిపోయాడు బాబూ,” అంది ఇంటామె అమీనా బీ. “ఏ ఊరు పోతన్నావు భాయీ అంటే నవ్వాడు. రెండేళ్ళున్నాడు, ఒక్క చుట్టం వచ్చింది లేదు. ఎవర్నడుగుతాం?”

కాలేజీ పిల్లలు ప్రెస్సు గుమ్మంలో గుమిగూడారు. హసీనా అనే ఇంటర్ పిల్లయితే రోజూ వచ్చేది.

“నీలికి ఇంకో మనిషి కనపడ్డాడా లేదా బాబాయ్? అదొక్కటి చెప్పండి చాలు.”

“నాకూ తెలవదమ్మా.”

రెండో వారమూ ఏమీ రాలేదు. సాంబశివరావు రొంపిచర్ల బస్సెక్కాడు.

మాష్టారి భార్య సీతారావమ్మ తలుపు తీసింది.

“పేటలో ప్రెస్సు నాదేనమ్మా. సీరియల్ చివరి భాగం కోసమని మాష్టారి దగ్గరికొచ్చా.”

ఆమె వింతగా చూసి, లోపలికి తీసుకెళ్ళింది.

పున్నయ్య మాష్టారు మంచం మీద ఉన్నారు. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి దుప్పటి మీద కట్టెలా పడి ఉంది.

“ఎన్నాళ్ళయిందమ్మా?”

“దసరా ముందు పక్షవాతం కొట్టింది నాయనా. మాట కూడా పోయింది.”

దసరా వెళ్ళి ఐదు నెలలు. సాంబశివరావు మనసులో వారాలు లెక్క వేసుకున్నాడు. బడిగంట కథ సంక్రాంతి తర్వాతది.

“ఆ వారమే మీ ప్రెస్సుకొచ్చి చెప్పాగా, ఇంక ఈయన రాయలేడని. మీరు ఊళ్ళో లేరు, అక్కడున్నాయనకే చెప్పా,” అందామె. “శనివారం వస్తే చాలు, పేపరు కోసం గుమ్మం వైపే చూస్తంటాడు. నేను చదువుతా, వింటాడు. గంట కొట్టే కాడ ఎంత ఏడ్చాడో!”

మంచం మీది మనిషి ఎడమ చెయ్యి అతి కష్టం మీద పైకి లేచింది. వేళ్ళు గాలిలో ఏదో అడిగాయి.

“నీలి ఏమైందంటన్నాడు,” అంది సీతారావమ్మ.

“నాకూ తెలవదమ్మా,” అన్నాడు సాంబశివరావు.

“మీరొక్కరే వచ్చారేంది నాయనా, ఆయన్ని కూడా తీసుకొస్తే నోటితోనే చెప్పేవాడుగా,” అందామె, “నాకు మాటిచ్చి దసరా కాణ్ణించి ఈ కథ రాస్తంది మీ ఖలందరేగా!”