తొంభై ఆరు శాతం తేమ

"ఆ రీడింగ్ తీసేయ్ లిఖితా. శాటిలైట్ నలభై శాతం అంటుంటే నీ బెలూన్ తొంభై ఆరు అనడమేంటి?" హైదరాబాద్ నుంచి ఫోన్లో గైడ్ ప్రభాకర్ సార్ విసుక్కున్నాడు.

"మూడు కిలోమీటర్ల ఎత్తున తేమ అంతుంది సార్. బెలూన్ అక్కడిదాకా వెళ్లి కొలిచింది. శాటిలైట్ ఎక్కడో ఉండి చెప్తోంది."

"సెన్సర్‌లో ఏదో తేడా వచ్చుంటుంది."

"పది రోజులుగా ఎగరేస్తున్నా. ఒక్కసారైనా తప్పు చెప్పిందా సార్?"

"శాటిలైటూ చెప్పలేదు కదమ్మా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

సారపాక దాటాక అడవి అంచున, ఓ మిరప కళ్లం పక్కనున్న బీడులో లిఖిత రోజూ పొద్దున్నే బెలూన్ వదులుతోంది. అది పంపే తేమ లెక్కలు శాటిలైట్ లెక్కలతో ఎంతవరకు కలుస్తాయో చూడటం ఆమె పరిశోధన. కళ్లం భీమక్కది. ఎకరంన్నర మిరప, ఏడాది కష్టమంతా నేల మీద ఎర్రగా ఎండుతోంది.

ఫోన్ మాటలు విన్న భీమక్క చేతిలో చేట కింద పెట్టి వచ్చింది. "ఏంది బిడ్డా, పైన తడి ఉన్నదా? వాన పడతదా?"

లిఖిత ల్యాప్‌టాప్ వైపు ఇంకోసారి చూసింది. అదే తొంభై ఆరు.

"పడేట్టే ఉంది పెద్దమ్మా. ఈ సాయంత్రంలోపు. కాయ ఇంటికి చేర్చుకోండి."

భీమక్క భర్త జంపయ్య లేచాడు. "ఆకాశంల మబ్బుతునక లేదు మేడం! ఇంకా రెండు ఎండలు తగలాలె. గిట్ల పచ్చిమీద బస్తాలకెత్తితే బూజు పడతది. ఎవడు కొంటడు?"

"తడిస్తే మాత్రం ఎవడు కొంటడు?" అంది భీమక్క. "ఆ పిల్ల ఊకెనే చెప్తదా? జల్దీ ఎత్తు."

జంపయ్య గొణుక్కుంటూనే ట్రాక్టర్ కోసం కబురు పెట్టాడు. లిఖిత కూడా చున్నీ ముక్కుకు కట్టుకుని బస్తాలు పట్టింది. ఘాటుకు ముగ్గురికీ కళ్ల నీళ్లు ఆగలేదు. మూడు గంటలకల్లా చివరి బస్తా ఊళ్లోని ఇంటికి చేరింది.

లిఖిత సారపాకలోని తన కిరాయి గదికి వెళ్లి కిటికీ దగ్గరే కూర్చుంది. నాలుగైంది, ఐదైంది. ఒళ్లు కాల్చే పొడిగాలి తప్ప ఏమీ రాలేదు.

మర్నాటి బెలూన్‌కు సామాను సర్దుతుంటే, పొద్దున ఎగరేసిన సెన్సర్ తాలూకు ఖాళీ ప్యాకెట్ చేతికి తగిలింది. దాని మూల చిరిగి ఉంది. లోపల తేమ పీల్చే నీలం గింజలన్నీ తడి పట్టి గులాబీ రంగుకు తిరిగాయి. సెన్సర్ పైకి ఎగరకముందే చెడిపోయిందన్నమాట.

ఆమె వెంటనే ఫోన్ చేసింది. "సార్, శాటిలైటే కరెక్టు. తప్పు నాది."

"పోనీలే, ఒక్క రీడింగే కదా. కొట్టేయ్" అన్నాడాయన.

కొట్టేసింది. కానీ భీమక్క ఇంట్లో ఉన్న బస్తాలను ఎలా కొట్టేయడం?

తెల్లారగానే బీడుకు పోకుండా నేరుగా ఊళ్లోకి వెళ్లింది. వాకిట్లో బస్తాల మూతులు విప్పి ఉన్నాయి. గడప మీద కూర్చున్న జంపయ్య ఆమెను చూసి లేచాడు. ఆయన తిట్టేలోపే చెప్పేయాలనుకుంది లిఖిత.

"తప్పయింది పెద్దయ్యా. నా సెన్సర్ పాడైంది. పైన తేమ లేదు, ఏమీ లేదు. వాన వస్తుందని ఉత్తిపుణ్యానికి మీ కాయ ఎత్తించాను."

భీమక్క లోపలి నుంచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. జంపయ్య గొంతు సవరించుకున్నాడు.

"వాన రాలే మేడం. నిన్న మాపటేల అడవి అంటుకుని, మన కళ్లమంతా బూడిదైంది."