డెబ్బైకి దిగాలి

"నీ కడుపులో గడ్డేదో పెరుగుతోందే బేబీ! లేకపోతే రాగిజావ తాగి, రోజూ కాలవగట్టున గంటసేపు నడిచే మనిషి ఇలా ఎందుకు ఊరిపోతుంది?"

కొబ్బరి కొట్టులో కాటా కూతురి బరువు డెబ్బై ఆరు కిలోలు చూపించేసరికి అప్పలమ్మ ఆమె కడుపు తడిమి చూసింది. పోయిన వారం డెబ్బై నాలుగే.

డెబ్బైకి దిగితేనే బేబీని కువైట్ మేడం మళ్లీ ఇంటిపనికి రప్పించుకుంటుందని ఏజెంటు ఖచ్చితంగా చెప్పేడు.

"పద, అమలాపురం వెళ్లి స్కానింగు తీయిద్దాం."

"గడ్డా లేదు, గిడ్డా లేదమ్మా." బేబీ కాటా దిగలేదు. "నడకకని వెళ్లి సెంటర్లో బజ్జీలు తింటున్నాను. ఆకలేసి కాదు. కక్కొస్తున్నా మింగుతున్నాను."

"ఎందుకే తల్లీ?"

"తగ్గితే పంపేస్తావుగా! అక్కడ పనయ్యాక నన్ను గదిలో పెట్టి బయట తాళం వేసేవోరమ్మా, రెండేళ్లూ. కాస్త తుమ్మితేనే గుండె పట్టుకుంటావు, నీకెలా చెప్పను?"

అప్పలమ్మ చేతిలో ఫోను మోగింది. ఏజెంటు.

"అమ్మాయి ఎంతకి దిగిందండీ? టిక్కెట్టు తీసెయ్యమంటారా? హలో... పిన్నిగారూ, ఉన్నారాండీ?"

అప్పలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని కాటా మీంచి దించింది.

"తగ్గలేదండీ" అంది ఫోన్లో. "ఇంక తగ్గదండీ."