హోనొలులు మహాలక్ష్ములు

“హోనొలులు నుంచి చెన్నైకి పన్నెండు వేల ఆరు వందల కిలోమీటర్లు. ప్రయాణం పదహారు గంటలు,” ఫోన్‌లో చూసి మళ్ళీ చదివాడు హరినాథ్.

“కావలి నుంచి విడవలూరుకు యాభై కిలోమీటర్లు. రెండు బస్సులు, ఒక ఆటో, సగం పూట. అది నీ ఫోన్‌లో రాదా నాయనా?” అంది వెంకటశేషమ్మ, గేటు దగ్గర సంచి దించుతూ. ఆవిడ హరినాథ్‌కు మేనత్త, పైగా పిల్లనిచ్చిన అత్త. కాబట్టి మొహమాటమనే జబ్బు లేదు.

“అమ్మా, ఆగు! చెప్పులు విప్పి, ఆ మందునీళ్ళలో కాళ్ళు ముంచి రా,” లోపల్నుంచి కేకేసింది కూతురు అనూష.

“కన్నతల్లికి మందునీళ్ళు! హవాయి నుంచి దిగేవాళ్ళకేమో ఏసీ వ్యాను!”

“విమానం దిగంగానే సర్కారు వాళ్ళ దగ్గర చేర్చేదానికి డ్రైవర్ బెన్హర్ వ్యాను తీసకపోయినాడులే అత్తా. చెన్నైలోనే వాళ్ళు కొన్నాళ్ళు విడిగా పెట్టి, పరీక్షలన్నీ చేసి మనకి పంపుతారు. నిన్నెవరు పరీక్ష చేసినారు?”

వెంకటశేషమ్మ సణుగుతూనే కాళ్ళు ముంచింది. అతిథుల గది చూసి ముక్కున వేలేసుకుంది. గోడలు కడిగారు, కిటికీలకు నల్లగుడ్డ కట్టారు, గట్టిగా మాట్లాడొద్దని బోర్డు కూడా పెట్టారు.

“భోజనమో?”

“స్క్విడ్ తెప్పించినాం, సముద్రంలో దొరికేది. విమానంలో ఏమీ తినరు, పాపం.”

“నా కూతురికి నెలలు నిండితే షేర్ ఆటోలో ఎక్కించి పంపినావు. దారిలో అరటిపండన్నా కొనివ్వలేదు. వీళ్ళు మాత్రం మహాలక్ష్ములా?”

“మహాలక్ష్ములే అత్తా. తోటపల్లి గూడూరు రైతులంతా వాళ్ళకి పుట్టే పిల్లల మీదే ఆశ పెట్టుకోనుండారు. పోయినేడు వచ్చినవాళ్ళు మన మొహం కూడా చూడకుండానే పోయినారు. ఈసారీ అట్టే అయితే ఈ గేటుకు తాళమే.”

అల్లుడు తాళం మాట ఎత్తడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. కొంగు దోపుకుని అక్కడే చతికిలబడింది.

అనూష వచ్చి మొగుడి చేతిలో ఫోన్ లాక్కుంది. “ఈ పదహారు గంటలు పట్టుకొని వేలాడతారేందండీ? పటం మీద గీత గీసి చెప్పిన లెక్క ఇది. నేరుగా వచ్చే విమానమే లేదు. మధ్యలో దిగి మారాల్సిందే.”

“మారే చోటే ఆగిపోయిందే. సియోల్‌లో పొగమంచు పట్టిందంట. పోయినేడూ అక్కడే ఆగింది.”

ఇక ముగ్గురూ ఫోన్ చుట్టూ కూర్చున్నారు. అందులో బొమ్మ విమానం ఉన్నచోటే ఉంది. ఇంతకంటే కావలి బస్సే నయం, టైరు పంక్చరయితే కండక్టరన్నా దిగి చెప్తాడు. వెంకటశేషమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

“పెంచలకోన స్వామీ, వాళ్ళని చల్లగా దించు. నీ కొండకొచ్చి తలనీలాలిస్తా.”

“నువ్వా అత్తా?”

“నేనెందుకు? నీవే.”

మర్నాడు పొద్దువాలుతుండగా చెన్నై నుంచి బెన్హర్ ఫోన్ చేశాడు. హరినాథ్ వింటూనే కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

“ఏమైందండీ?” అనూష మొగుడి భుజం పట్టి కుదిపింది.

“దిగినారంట. సర్కారు వాళ్ళు పెట్టెలన్నీ తెరిచి చూసినారంట,” అని హరినాథ్ లేచి మేనత్తను కావలించుకున్నాడు.

“అన్ని వందల తల్లిరొయ్యల్లో మూడే చచ్చినాయి!”